మాడపాటి వారి వినతిపత్రములు, సిరిసిల్ల మహాసభ

నిజాము రాష్ట్రపు గ్రామములలో లెక్కలకు లోటు లేదు. సేత్వారు కలదు, పహాణీ కలదు, ఫైసల్ పట్టీ కలదు, జమాబందీ కలదు, వసూలు బాకీ కలదు. ఏ సర్వే నంబరున ఎన్ని ఎకరములు, ఎన్ని గుంటలు, అందు తరి యెంత, ఖుష్కీ యెంత, దానికి శిస్తు ఎన్ని రూపాయలు, ఎన్ని అణాలు అను సంగతులన్నియు పట్వారీ కలముతో వ్రాయబడి, గిర్దావరు చూచి, తహసీల్దారు దస్కతు చేసి, దఫ్తరములో కట్టి యుంచబడినవి. కాని ఆ దఫ్తరములన్నియు విప్పి వెదకినను ఒక్క మాట కానరాదు. అది వెట్టి. దౌరా వచ్చిన అధికారి సామాను మోసిన వాని పేరు ఏ పహాణీలోను లేదు. గడీలో వంట చెరకు కొట్టిన దినములు ఏ పట్టీలోను ఎక్కలేదు. కోమటి దుకాణము నుండి సగము ధరకో, ధర లేకయో పోయిన నేయికి, బియ్యమునకు జమా లేదు, ఖర్చు లేదు. వెట్టి కొరకు మనుష్యులను పిలిపించినది పటేలు పట్వారీలే. అయినను ఆ చేతులు వ్రాసిన లెక్కలో దానికి ఒక ఖానా గీయబడలేదు.

లెక్కలో లేనిది లోకములో లేదని సర్కారు అనుకొనవచ్చును. చరిత్ర చదువువాడు అట్లనుకొనరాదు. పెద్దల నోటి మాటలను, పల్లె పాటలను విడిచినచో, వెట్టిని గూర్చి కాగితముపై మిగిలిన సాక్ష్యములు ముఖ్యముగా రెండు. ఒకటి, ప్రజల పక్షమున సర్కారుకు వ్రాయబడిన వినతిపత్రములు, వానికి వచ్చిన జవాబులు. రెండవది, ఆ కాలపు వార్తాపత్రికలు. ఈ రెండింటిలోను మాటిమాటికి కనబడు పేరు మాడపాటి హనుమంతరావు పంతులుగారిది. 1935లో మన సిరిసిల్లలో జరిగిన నాలుగవ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది వారే. పంతులుగారిది అర్జీల రాజకీయమని, వేడుకోలు రాజకీయమని తరువాతి తరము వారు పరిహసించిరి. ఆ పరిహాసములో నిజమెంతయో, అన్యాయమెంతయో కాగితములను చూచియే నిర్ణయింపవలెను.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన ఎర్రుపాలెమున జన్మించిరి. సూర్యాపేట, హన్మకొండలలో పెరిగి చదువుకొనిరి. ఆనాటి చదువు ఉర్దూలో చదువు. రాజభాష ఉర్దూ, కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో సైతము బోధన ఉర్దూలోనే సాగెను. ఆయన ఉర్దూను పరభాషయని దూరముగా నుంచక, దానిని పూర్తిగా వశము చేసికొనిరి. 1904లో హన్మకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయముతో ఆయనకు సంబంధము కలదు. తరువాత హైదరాబాదు చేరి, న్యాయశాఖలో అనువాదకులుగా పనిచేసి, ఆపైన వకీలు వృత్తిలో ప్రవేశించిరి. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసినదియు వారే. ఈ అనువాదకత్వము జీవనోపాధిగా మొదలై, తుదకు ఆయన రాజకీయమునకే పునాది యైనది. ప్రజల బాధను పాలకుని భాషలో, పాలకుని ఆజ్ఞను ప్రజల భాషలో చెప్పగలవాడు ఆ దినములలో చాల అరుదు. ఉద్యోగపర్వమున రాయబారమునకు పోయినవాడు ఇరుపక్షముల మాట తెలిసినవాడు. భారతము చదివినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధని నాటకశాలలో సంఘ సంస్కార సభ జరిగినది. పూనా నుండి వచ్చిన కర్వే పండితుడు దానికి అధ్యక్షులు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అను వకీలు లేచి తెలుగులో మాట్లాడబోగా, సభలోని అన్యభాషీయులు కొందరు కేకలు వేసి అవమానించిరి. రాష్ట్రములో దాదాపు సగము మంది మాట్లాడు భాషకు రాజధానిలో జరిగిన మర్యాద అది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు ఒకచోట చేరి ఆంధ్రజన సంఘమును స్థాపించుకొనిరి. నవంబరు 12వ తేదీ దాని జన్మదినము. పంతులుగారు దానికి కార్యదర్శులైరి. 1923లో శాఖలన్నింటిని కలిపి ఆంధ్రజన కేంద్ర సంఘము ఏర్పడినప్పుడును కార్యదర్శి భారము వారిదే. చందాలు వ్రాసికొనుట, జాబులు వ్రాయుట, జవాబులు దాచుట కార్యదర్శి పని. ఉపన్యాసము చేసినవాని పేరు మరునాడు పత్రికలో పడును. జాబు వ్రాసినవాని పేరు ఫైలులో పడియుండును. పంతులుగారి చరిత్రలో అధికభాగము ఇట్టి ఫైళ్లలోనే కలదు.

సంఘము మొదట పట్టుకొన్న పనులు మూడు: వెట్టి చాకిరి, వర్తకుల బాధలు, మొహతర్ఫా పన్ను. ఇందు మూడవది సిరిసిల్ల వారికి దగ్గరిది. మొహతర్ఫా యనగా చేతివృత్తుల వారిపై వేయు పన్ను. మగ్గము నమ్ముకొని బ్రదుకు సాలెల ఊరికి ఆ మాట యెట్లు వినిపించునో వేరుగా చెప్పవలెనా? మొదటి రెండింటి విషయమున సంఘము పట్టిన మార్గము చిత్రమైనది. వెట్టిని కట్టడి చేయు ఆజ్ఞలు సర్కారు వారి కాగితములలోనే అంతకు ముందే కొన్ని కలవు. ఏ యధికారి దౌరాకు వచ్చినను సరకులు ధర యిచ్చియే తీసికొనవలెనను ఉత్తరువులును కలవు. ఇవన్నియు ఉర్దూలో నుండెను, కచేరీలో నుండెను. వీనిని ఎరిగియు ఎరుగనట్లుండుట క్రింది యధికారులకు లాభము. సంఘము వారు ఆ ఉత్తరువులను సంపాదించి, తెలుగు చేసి, చిన్న పుస్తకములుగా అచ్చువేసి పల్లెలకు పంపిరి. వెట్టిపై ఒకటి, వర్తక స్వాతంత్ర్యముపై ఒకటి, మొహతర్ఫాపై ఒకటి, ఈ విధముగా.

దీనిని సామాన్యముగా తలపరాదు. సర్కారును తిట్టిన పుస్తకము నిషేధింపబడును, వ్రాసినవాడు జైలునకు పోవును. సర్కారు ఉత్తరువునే తెలుగున అచ్చువేసిన పుస్తకమును నిషేధించుట యెట్లు? దుకాణములో కూర్చున్న వర్తకుడు ఆ చిన్న పుస్తకమును చేతబట్టి, అమీనుగారి జవానుతో, 'అయ్యా, మీ సర్కారు హుకుమే ఇది' అని చెప్పుటకు వీలు కలిగినది. చెప్పినవారందరు నెగ్గిరని కాదు. చెప్పుటకు ఒక కాగితము దొరికినది, అది యంతకు ముందు లేదు. వకీలు బుద్ధియు, అనువాదకుని విద్యయు ఒకచోట చేరినప్పుడే ఇట్టి ఉపాయము తోచును. గ్రంథాలయోద్యమమును సంఘము ఇంత గట్టిగా పట్టుకొనుటకును ఇదియే కారణము. పుస్తకము పల్లెకు పోవలెనన్న అక్కడ దానిని ఉంచుటకు ఒక బీరువా, చదివి వినిపించుటకు ఒక మనిషి కావలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపింపబడిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయము అంటే పురాణ పఠనమునకే పరిమితమైన తావు కాలేదు. సర్కారు వారికి గ్రంథాలయములపై అనుమానము ఉండెననిన, ఆ యనుమానము నిరాధారము కాదు.

పల్లెకు పుస్తకము పంపుట కంటె సభ చేయుట కష్టము. గస్తీ నిషాన్ 53 అను పేరు ఆ తరము వారికి కంఠస్థము. గస్తీ యనగా సర్కులరు, నిషాన్ యనగా సంఖ్య. సర్కారు అనుమతి ముందుగా పొందనిదే బహిరంగ సభ జరుపరాదని దాని తాత్పర్యము. సభ ఎక్కడ, ఎప్పుడు, అధ్యక్షుడెవరు, ప్రస్తావించు విషయములేవి అన్నది ముందే వ్రాసి పంపవలెను. దానికి జవాబు రావలెను. జవాబు రాకపోయినచో మరల వ్రాయవలెను. షరతులు వచ్చినచో వానిని గూర్చి మరల వ్రాయవలెను. ఒక్క సభకు ముందు ఎన్ని జాబులు నడిచెడివో ఆ కాలపు కచేరీ పద్ధతి ఎరిగినవారికి తెలియును. నేడు సభలకు కుర్చీలు, మైకు దొరికినచో చాలును. ఆనాడు కాగితము దొరికినచో పందిరి వేసెడివారు.

ఇట్టి కట్టుబాటులలోనే మహాసభలు జరిగినవి. మొదటిది 1930లో జోగిపేట, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షత. రెండవది 1931లో దేవరకొండ, బూర్గుల రామకృష్ణారావుగారు. ఆపైన మూడేండ్ల విరామము. 1934లో ఖమ్మము, పులిజాల వెంకట రంగారావుగారు. నాలుగవది 1935లో సిరిసిల్ల. చదువరులు ఈ వరుసను గమనింపవలెను. ఉద్యమమును ప్రారంభించి, పదునాలుగేండ్లు కార్యదర్శిత్వపు బరువు మోసిన పంతులుగారు అధ్యక్షపీఠమున కూర్చున్నది నాలుగవ సభలో, అదియు మన ఊరిలో. మొదటి మూడు సభలకు ఆయన పేరు రాలేదా, వచ్చినను ఇతరులను ముందుంచిరా అని ఎవరైన అడుగవచ్చును. ఆయన స్వభావము ఎరిగినవారు రెండవదియే అందురు.

సిరిసిల్ల అప్పుడు వరంగల్లు సుబాలోని కరీంనగరము జిల్లాకు చెందిన తాలూకా. ఒక దిక్కు మానేరు, ఒక దిక్కు వేములవాడ రాజన్న క్షేత్రము, ఊరినిండ మగ్గములు, చుట్టును దొరల గ్రామములు. రైలు లేదు. బడిలో ఉర్దూ. ఈ తాలూకాలోని హనుమాజీపేటలో 1931లో జన్మించి, తరువాత తెలుగు కవులలో మిన్నయైన సి. నారాయణరెడ్డిగారును సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమముననే చదువుకొనిరి. మహాసభ జరిగిననాటికి ఆయన నాలుగేండ్ల బాలుడు. అట్టి ఊరిలో తెలుగువారి సభ, తెలుగులో జరుగుట, అధ్యక్షుడు తెలుగులో ప్రసంగించుట మహావిషయము. మహాసభతో పాటు మహిళాసభయు జరిగెను. దానికి అధ్యక్షురాలు మాడపాటి మాణిక్యమ్మగారు. ఖమ్మములో ఎల్లాప్రగడ సీతాకుమారిగారు, అంతకు ముందు జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారు మహిళాసభలను నడిపిరి. అంతఃపురములు, ఘోషాలు గల రాష్ట్రములో, తాలూకా ఊరిలో, స్త్రీ అధ్యక్షపీఠమున కూర్చుండి మాట్లాడుట చూచినవారికి పురుషుల సభ కంటె ఈ సభయే ఎక్కువ వింతగా తోచియుండును. కాని చరిత్ర గ్రంథములలో పురుషుల సభకు పుటలు, స్త్రీల సభకు పంక్తులు. ఇది వ్రాసినవారి లోపము. జరిగినదాని కొలత వేరు.

ఇక పత్రికల మాట. తెలంగాణమున తెలుగు పత్రికలు తక్కువ. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి నీలగిరి, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వెలువడి, కొన్నియేండ్లకు నిలిచిపోయినవి. 1926 మే 10వ తేదీన సురవరము వారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. వారమునకు రెండు సార్లు వచ్చెడిది. ఉర్దూలో 1927 నుండి మందుముల నరసింగరావుగారి రయ్యత్ కలదు. బయట నుండి మద్రాసు ఆంధ్రపత్రిక, బందరు కృష్ణాపత్రిక వచ్చెడివి. రాష్ట్రములోని పత్రిక చెప్పలేని మాట బయటి పత్రిక చెప్పును. సర్కారుకు కోపము వచ్చినచో బయటి పత్రికకు రాష్ట్రప్రవేశము నిలిచిపోవును. లోపలి పత్రిక జాగ్రత్తగా చెప్పును, ప్రతి వారము బ్రదికియుండును. రెండును కావలసినవే. పంతులుగారు బయటి పత్రికలకును నిజామాంధ్ర విషయములను వ్రాసెడివారు.

ఒకే మహాసభ మూడు కాగితములలో మూడు విధములుగా కనబడును. వినతిపత్రములో అది వినయముతో నిండియుండును. 'ఏలినవారి దయాదృష్టి', 'విశ్వాసపాత్రులైన ప్రజలు' వంటి మాటలు చూచి నేటి యువకులు నవ్వుదురు. ఆ మాటలు ఆనాటి అర్జీకి తల వంటివి. మొండెము చూడవలెను. విద్య తల్లిభాషలో కావలెనని, పాఠశాలలు పెంచవలెనని, వెట్టి మాన్పవలెనని అడుగుట ఆ మొండెములోని సంగతి. గోలకొండ పత్రికలో అదే సభ ఉత్సాహముతో నిండియుండును. తీర్మానములు, వచ్చిన పెద్దల పేర్లు, సందేశములు వరుసగా పడును. తీర్మానముపై ఎవరు వాదించిరి, ఎవరు లేచిపోయిరి అన్నది పత్రిక తరచుగా తగ్గించి చెప్పును, ఇల్లు గుట్టు బయట పెట్టరాదని. జోగిపేట సభలో భాగ్యరెడ్డివర్మగారు అస్పృశ్యతను గూర్చి ప్రస్తావించినప్పుడు రేగిన కలహము వంటివి తరువాతి జ్ఞాపకములలో వివరముగా కనబడును. ఇక మూడవది సర్కారు ఫైలు. అందు సభ ఒక అనుమానముగా కనబడును. ఎవరు వచ్చిరి, ఏమనిరి, జనమెంత అను లెక్కతో అది నిండియుండును. ప్రజలకు మేలు చేయవలెనని ఎవరును వ్రాయని ఆ ఫైలే నేడు ప్రజల చరిత్రకు పనికి వచ్చుచున్నది. ఈ మూడింటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చదువవలెను. ఏ ఒక్కటి చదివినను సగము సత్యమే చేతికి వచ్చును.

ఈ కాగితములతో మరియొక చిక్కు కలదు, అది తేదీల చిక్కు. సర్కారు కాగితములు ఫసలీలో నడచును. హైదరాబాదు ఫసలీ సంవత్సరము ఆజూరు నెలతో, అనగా అక్టోబరు ఆరంభమున, మొదలగును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు క్రీస్తు శకమున 590, జనవరి నుండి సెప్టెంబరు వరకు 591 తీసివేసినచో ఫసలీ వచ్చును. కావున 1935వ సంవత్సరము ఒక్కటే కొంత 1344 ఫసలీలోను, కొంత 1345 ఫసలీలోను పడును. పాత పట్వారీలకు ఇది చేతివ్రేళ్లపై లెక్క. నేటి పరిశోధకులు కొందరు నెల చూడక సంవత్సరము మాత్రము మార్చి, ఒక యేడు ముందుకో వెనుకకో జరుపుచున్నారు. సభల తేదీలలో పుస్తకమునకు పుస్తకమునకు కనబడు భేదములు కొన్ని ఇట్లు పుట్టినవే.

పరదేశములలో ఇట్టి కాగితములను ఎట్లు భద్రపరుతురో ఒక యుదాహరణము చూడవచ్చును. అమెరికాలో విలియం జెన్నింగ్స్ బ్రయాన్ అను నాయకుడు 1896, 1900, 1908 సంవత్సరములలో మూడు పర్యాయములు అధ్యక్ష పదవికి నిలిచి, మూడు పర్యాయములును ఓడెను. 1913 నుండి 1915 వరకు విదేశాంగ మంత్రిగా నుండెను. ఓడినవాడు కదా యని ఆయన కాగితములను ఎవరును పారవేయలేదు. ఆయన ఉత్తరములు వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున పెట్టెలలో నున్నవి. ఆయన 1901లో స్థాపించి నడిపిన కామనర్ అను వారపత్రిక సంచికలును దొరకును. బ్రయాన్ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. 1906లో భారతదేశమునకు వచ్చి, ఇచటి బీదరికమును చూచి, ఆంగ్ల పరిపాలనను గర్హించుచు వ్యాసము వ్రాసెను. ఆ వ్యాసమును మన దేశభక్తులు చేతుల మీదుగా వ్యాపింపజేయగా ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించెను. నెగ్గినవాని కాగితములను నిలుపుట యెల్ల రాజ్యముల ఆచారము. ఓడినవాని కాగితములను సైతము నిలుపుట గ్రంథాలయముల పని.

పంతులుగారు ఓడిరా, నెగ్గిరా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పుట నెగ్గిన పని. తెలుగులో చదువు చెప్పు ఆ పాఠశాల ఉర్దూ విశ్వవిద్యాలయము క్రింద ఇమడదు గనుక, దానిని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించిరి. తెలుగు మాట ఎవరి యధ్యక్షతన అవమానింపబడెనో, ఆ మహనీయుని విశ్వవిద్యాలయమే ఏడేండ్లకు తెలుగు బాలికల చదువునకు ఆశ్రయమిచ్చినది. కర్వే పండితునికి ఆ యవమానములో భాగము లేదు కాని, కాలము నడచిన తీరు ముచ్చటైనది.

వెట్టి విషయము వేరు. అర్జీలు పోయినవి, తీర్మానములు పోయినవి, ఉత్తరువులు వచ్చినవి. గడీలలో చాకిరి నిలువలేదు. 1940 తరువాత మహాసభలో యువకుల బలము పెరిగెను. 1941 చిలుకూరు సభకు, 1944 భువనగిరి సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. భువనగిరితో మితవాదులు, అతివాదులు వేరుపడిరి. ఆపైన తెలంగాణమున జరిగిన సాయుధ పోరాటము లోకవిదితము. అర్జీతో కానిది ఆయుధముతో ఐనదని కొందరందురు. సిరిసిల్ల, జగిత్యాల వారు ఆ మాటనైనను సంపూర్ణముగా ఒప్పుకొనలేరు. భారత ప్రభుత్వము 1976లో వెట్టిని నిర్మూలించు చట్టము చేసిన పిమ్మట, 1978లో సయితము ఈ రెండు తాలూకాలలో కూలీలు, రైతులు వెట్టి మాన్పుమని లేవవలసి వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగెను. ప్రభుత్వము ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములని ప్రకటించెను. సిరిసిల్ల మహాసభ నాటికిని, ఆ ప్రకటన నాటికిని మధ్య నలువది మూడేండ్లు. 1935లో తల్లి యొడిలో సభకు వచ్చిన బిడ్డ 1978 నాటికి నడివయసు మనిషి.

అందువలన పంతులుగారి మార్గము వ్యర్థమనుట న్యాయము కాదు. వెట్టి అన్యాయమని, దానిని ఆపుమని అడుగుట నేరము కాదని, అడుగుటకు ఒక పద్ధతి కలదని పల్లెలకు మొదట చెప్పినవి ఆ చిన్న పుస్తకములే. తరువాత ఆయుధము పట్టినవారిలో పలువురు మొదట చదివినది గ్రంథాలయములో, మొదట కూర్చున్నది మహాసభ పందిరిలో. రాయబారము విఫలమైనంత మాత్రమున ఉద్యోగపర్వమును భారతము నుండి తీసివేయుదుమా? అయితే ఇంకొక మాటయు చెప్పవలెను. పంతులుగారి వినతిపత్రములలో మాట్లాడునది చదువుకొన్నవాడు. వెట్టి చేసినవాని పక్షమున వ్రాయబడిన కాగితములు వేలున్నను, వెట్టి చేసినవాడు తానై వ్రాసినది ఒకటి కనబడుట కష్టము. వ్రేలిముద్రతో ముగియు అర్జీలో వ్రేలిముద్ర మాత్రమే వానిది.

హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున విలీనమైన వెనుక పంతులుగారు తెలంగాణా ఆంధ్రోద్యమమును గూర్చి రెండు భాగముల గ్రంథమును వెలువరించిరి. కార్యదర్శిగా దాచినవన్నియు ఆ గ్రంథమునకు ముడి సరకు. ఉత్తరువులు, తీర్మానములు, సభల వృత్తాంతములు అందు వరుసగా కలవు. స్వవిషయము తక్కువ. ఆత్మకథగా వ్రాసియున్నచో చదువుటకు ఇంకను ఇంపుగా నుండెడిదేమో గాని, సాక్ష్యముగా ఇంత గట్టిగా నిలిచెడిది కాదు. 1951లో ఆయన హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1955లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా నుండిరి. అర్జీ వ్రాసిన చేతికి శాసనములు చేయు సభను నడుపు పని దొరికినది. 1970 నవంబరు 11వ తేదీన కీర్తిశేషులైరి. ఆంధ్రజన సంఘము జన్మదినమునకు అది ముందునాడు.

నిజాము కాలపు సర్కారు శాఖల కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున కలవు. వానిలో అధికభాగము ఉర్దూ, పారసీకములలో నున్నవి, అందును గొలుసుకట్టు వ్రాత. చదువగలవారు ఏటేట తగ్గుచున్నారు. గోలకొండ పత్రిక వంటి వాని పాత సంచికలు కొన్ని ఛాయాచిత్రములుగా తీయబడి, ఇంటనుండియే చూచుటకు దొరకుచున్నవి. పల్లెలకు వచ్చిన ప్రతులు మాత్రము దుకాణములలో పప్పు పొట్లములైనవి, గూళ్లలో పరపులైనవి, మిగిలినవి చెదలకు పోయినవి. గంగాధర సమీపమున కుర్క్యాల గుట్టపై పదవ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన కందపద్యములు వేయేండ్ల ఎండవానలకు చెక్కు చెదరక నేటికిని చదువ వీలుగా నున్నవి. మొన్న మొన్నటి 1935 నాటి కరపత్రము చూతమన్నను కష్టము. రాయికి ఉన్న ఆయువు కాగితమునకు లేదు. దానికి ఆయువు పోయవలసినది బీరువా, బీరువాకు తాళము, తాళమునకు ఒక మనిషి.

మన తాలూకాలోని పాత యిండ్ల అటుకులపై, దూలముల సందులలో, పెద్దల చెక్క పెట్టెలలో ఇప్పటికిని మూటలు కలవు. వానిలో పొలము కాగితములు తప్ప తక్కినవి పనికిరానివని తగులబెట్టుచున్నారు. ఆహ్వానపత్రము, చందా రసీదు, ఆంధ్రజన సంఘము వారి చిన్న పుస్తకము, గోలకొండ పత్రిక చుట్టిన కాగితముపై చందాదారుని పేరు, తహసీలు నుండి వచ్చిన ఉర్దూ జవాబు, ఇవి ఎవరికైన కంటబడినచో గ్రంథాలయమునకు తేవచ్చును. చిరిగిన వానిని అతికింపనక్కరలేదు, మడతలు బలవంతముగా విప్పరాదు. ఫసలీ సంవత్సరముతో పాటు నెల పేరును చూచి వ్రాసికొనవలెను. ఏ యింట, ఏ పెట్టెలో దొరికినదియు వేరొక చీటీపై వ్రాసి జతపరుపవలెను. ఉర్దూ చదువ వచ్చిన వృద్ధులు ఈ చుట్టుపట్ల గ్రామములలో ఇంకను కొందరున్నారు.